గంజి దొరసాని గెలిచిన తగాదా

మేజరు రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి అనలేకపోయాడు. అక్క గెలిచింది అక్కడే.

అక్కంటే నా తోడబుట్టింది కాదు. బ్యారక్సు గేటుకి ఎదురుగా లాండ్రీ నడిపిన మనిషి. ఆమె దగ్గర ఇస్త్రీ బల్ల ముందు నిలబడి నిలబడి నా కాళ్ళు వంకరపోయాయి కాబట్టి అక్కా అని పిలిచే హక్కు నాకుంది. వీధిలోవాళ్ళు ఆమెను గంజి దొరసాని అనేవాళ్ళు. వెనకాల అనేవాళ్ళు. ముఖాన అనగలిగినవాడు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు.

ఆ పొద్దున లారీలు వచ్చి లాండ్రీ ముందు వరసగా ఆగాయి. తీగల మీద బట్టలు ఇంకా నీళ్ళు కారుతున్నాయి. సిపాయిలు లోపలికొచ్చి ఏ దళం బట్టలు ఆ దళంవాళ్ళు తడితడిగానే లాగి మూటలు కట్టుకుంటున్నారు. అక్క కొడుకూ వాళ్ళలోనే ఉన్నాడు. ట్యాంకుల దళంలో లారీ డ్రైవరు. భుజాన మూటతో తల్లికి చెప్పి పోదామని అక్కా నేనూ ఉన్న వెనక గదిలోకి, బాయిలరు దగ్గరికి వచ్చాడు. అతని వెనకే మేజరు, తన చొక్కాల కోసం. అక్క తలుపు మూసి, కొడుకు భుజం మీది మూట లాగి నేలకేసి కొట్టింది.

వీడు రాడు, అంది. ఇక్కడ ఉండిపోతున్న దళంలో జీపు డ్రైవరు జ్వరంతో ఆస్పత్రిలో పడున్నాడు కదా, ఆ చోట్లో వీణ్ణి వెయ్యి బాబూ, అంది. అడిగినట్టు లేదు, బల్ల మీద చొక్కా వేసి ఇస్త్రీ చెయ్యమని నాకు చెప్పినట్టుంది.

మేజరు మర్యాదగానే వద్దన్నాడు. ఇతను నాతో వస్తాడమ్మా, మంచి డ్రైవరు, నాకు కావాలి అన్నాడు. కొడుకు మొహం ఉడికిపోయింది.

"అమ్మా, పరువు తియ్యకే. బయట మావాళ్ళు వింటారు."

"బాయిలరు చప్పుడులో ఎవడికి వినిపిస్తుందిరా? విన్నా విననీ. పరువు నలిగితే మళ్ళీ గంజి పెట్టుకోవచ్చు. నువ్వు నలిగితే నేనేం పెట్టుకోను?"

మేజరు గొంతు తగ్గించి రెండోసారి వద్దన్నాడు. నా మాట వినమ్మా, అన్నాడు. ఆ తగ్గిన గొంతుని అక్క బెదురనుకుంది. బెదిరినవాణ్ణి వదిలిపెట్టే అలవాటు ఆమెకు లేదు. నీలిమందుతో గోళ్ళ దాకా నీలంగా మారిన చేతులు రెండూ అతని మొహం ముందు పెట్టింది.

"కిందటిసారి నువ్వు తీసుకెళ్ళి తిరిగి తేలేని పిల్లల చొక్కాలు ఉతికి, మడతపెట్టి, వాళ్ళ అమ్మలకి పంపింది ఈ చేతులే. ఇప్పుడు నా కొడుకు చొక్కా నేనే ఉతికి నాకే పంపుకోమంటావా? కాదంటే చెప్పు. ఇప్పుడే పోయి నీ లారీకి అడ్డంగా పడుకుంటాను. వీధంతా పోగవుతుంది. ఎక్కడికి పోతున్నారు, ఎందుకు పోతున్నారు అని అందరూ అడుగుతారు. చెప్పుకో."

మేజరు తలుపు వైపు చూశాడు. కుర్రాడి వైపు చూశాడు. తరవాత, సరే, నీ ఇష్టం, అని చొక్కాలు తీసుకుని వెళ్ళిపోయాడు. అక్క నా వైపు తిరిగి కన్ను గీటింది.

ఆ గెలుపే ఆమె కొడుకుని చంపింది. ఈ సంగతి తెలిసినవాళ్ళం మేజరు, అక్క, నేను. తెలియాల్సిన మనిషి ఇంకొకతె ఉంది, ఆమె కోడలు. ఆ పిల్ల తన మొగుణ్ణి తన మాటే చంపిందని అనుకుంటూ బతికింది. అనుకోనిచ్చింది అక్కే.

అక్క ఎలాంటిదో ముందు చెప్పాలి, లేకపోతే మీరు ఆమెను రాక్షసి అనుకుంటారు. అంత సులువైన మనిషి కాదు. మొగుడు బొగ్గుల లారీ నడిపేవాడు. ఒకరోజు లారీతో సహా పోయాడు, ఇంకో ఊళ్ళో ఇంకో సంసారంలో తేలాడు. అక్క ఏడవలేదు. పోయినవాడు ఇంట్లో అరబస్తా బొగ్గు మర్చిపోయాడు, ఆ బొగ్గుతోనే ఇస్త్రీపెట్టె వెలిగించానే, మగాడు వదిలిపెట్టినవాటిలో పనికొచ్చేది అదొక్కటే, అనేది నాతో. గేటు పక్కన చెట్టుకింద మొదలుపెట్టి, సిపాయిల చొక్కాల నుంచి ఆఫీసర్ల చొక్కాలకు, అక్కణ్ణించి మొత్తం బ్యారక్సు బట్టలకు ఎక్కింది. బాయిలరు పెట్టింది. నన్ను పనిలో పెట్టుకున్న రోజు నేను మడతపెట్టిన దుప్పటి చూసి, ఇది మడతా, కుక్క పడుకుని లేచిందా, అంది. ఆ మాటకి నేను మానేసి పోవాల్సింది. పోలేదు. నన్ను అన్నదానికంటే పైమాట నేనూ అన్నాను, ఇద్దరికీ కుదిరింది.

బట్టలు కలిసిపోకుండా ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఆమెకూ నాకూ అక్షరాలతో పెద్ద స్నేహం లేదు. అందుకని ఒక్కో దళానికి ఒక్కో రంగు దారం, కాలరు లోపల చిన్న కుట్టు. ట్యాంకులవాళ్ళది ఎరుపు. కాలినడక దళాల్లో ఒకదానిది తెలుపు, ఒకదానిది నలుపు, ఒకదానిది నీలం. తీగల మీద చూస్తే చాలు, ఏ బట్ట ఎవరిదో తెలిసిపోయేది. ఎవరు ఎప్పుడు వస్తారో, ఎవరు రారో కూడా తెలిసేది. ఆరిన బట్టలకి నిదానంగా వచ్చారంటే ఏమీ లేదు. తడిబట్టలు మోసుకుపోయారంటే యుద్ధానికి పోతున్నారు. ఇన్నేళ్ళలో అది ఒక్కసారీ తప్పలేదు. పోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చేవాళ్ళు కాదు. మిగిలిన చొక్కాలు మేం చూసుకునేవాళ్ళం.

అందుకే ఆ పొద్దున ఎరుపు, తెలుపు, నలుపు అన్నీ తడిగా పోతుంటే, నీలం దారం బట్టలకి మాత్రం ఎవరూ రాకపోతే, అక్క లెక్క వేసేసుకుంది. పోయేవాళ్ళు చావుకి పోతున్నారు, నీలంవాళ్ళు ఊళ్ళో కాపలా కూర్చుంటారు. ఉతికే దానికి తెలిసిన లెక్క అంతే, ఆ లెక్క సరైనదే. ఆ ఒక్కసారే తిరగబడింది.

జీపు డ్రైవరు జ్వరం సంగతి మాత్రం కోడలి వల్ల తెలిసింది. ఆ పిల్ల ఆస్పత్రిలో నర్సు. ముందు రోజు అన్నాల దగ్గర మొగుడితో అంది, నీలం దళం డ్రైవరు మా వార్డులోనే ఉన్నాడు, ఈసారి వాళ్ళది ఊరి కాపలాయేనట, ఆ చోటు ఖాళీ, నువ్వు అడిగి చూడొచ్చు కదా, ఊళ్ళోనే ఉంటావు, అని. అతను నవ్వేశాడు. నావాళ్ళని వదిలి నేనెక్కడ ఉంటానే, అన్నాడు. అక్క కూడా అక్కడే కూర్చుని ఉంది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే ఆ మాట మనసులో పట్టేసుకుందని అర్థం.

తగాదా అయ్యాక కొడుకు కాసేపు బాయిలరు దగ్గరే కూలబడ్డాడు. తరవాత ఆస్పత్రికి కబురు పంపాడు, ఆ చోటు నాకొచ్చింది, ఉంటున్నాను, అని. మా అమ్మ మేజర్ని నిలదీసి ఇప్పించింది అని ఏ మగాడు పెళ్ళాంతో చెప్పుకుంటాడు? తనే అడిగి తెచ్చుకున్నట్టు కబురు పంపాడు. కోడలు వార్డులో అందరికీ చెప్పుకుని మురిసిపోయిందట. సాయంత్రం ఇంటికొచ్చి, నా మాట విన్నాడు పిన్నీ, అని నా చెయ్యి పట్టుకుంది. అక్క అక్కడే కూర్చుని కొడుకు కాలర్లలోంచి ఎర్రదారం విప్పి నీలందారం కుడుతోంది. పళ్ళతో దారం తెంపి, బాగుంది, అంది.

బండ్లన్నీ పట్టపగలు వంతెన దాటి పడమటికి పోయాయి. జనం రోడ్డు మీద నిలబడి ఉమ్మేశారు. శత్రువు తూర్పునుంటే వీళ్ళు పడమటికి పారిపోతున్నారు, మమ్మల్ని వదిలేసి పోతున్నారు అన్నారు. తడిబట్టలతో పోయేవాళ్ళు యుద్ధానికే పోతారన్న లెక్కతో అక్క లాండ్రీ మెట్ల మీద నిలబడి జనాన్ని చూసి నవ్వింది. పోయేవాళ్ళని చూసి ఏడుస్తారేమే, ఉండేవాళ్ళని చూసి సంతోషించక, అంది.

ఊరికి తూర్పున గుట్ట. గుట్ట కింద ఇటుక బట్టీలు. బట్టీలకి ఒక పక్క రాయి తవ్వే క్వారీ. నీలం దళాన్ని గుట్ట మీద పల్చగా పరిచారు. శత్రువు వస్తే కాసేపు గట్టిగా కాల్చాలి, తరవాత బట్టీల దారిన ఊరి వైపు వెనక్కి జరగాలి. వాళ్ళకి చెప్పింది అంతవరకే. పడమటికి పోయిన బండ్లు చీకట్లో చుట్టుతిరిగి వచ్చి క్వారీలో దాక్కున్నాయని వాళ్ళకి చెప్పలేదు. పల్చటి వరసని చూసి శత్రువు తోసుకొస్తాడు, జరిగేవాళ్ళ వెంట పడి లోపలికి, ఇంకా లోపలికి వస్తాడు, మొత్తం బట్టీల మధ్యకి వచ్చాక పక్కనుంచి ట్యాంకులు వచ్చి దారి మూసేస్తాయి. గోనెసంచి నోరు తెరిచి పెట్టి, గింజలన్నీ పడ్డాక కుట్టేసినట్టు. అది సంచి అని ఆ గింజలకి తెలియకూడదు. ఆ సంచి అడుగున ఉన్నది నీలం దళం.

పని జరిగింది. చాలా బాగా జరిగింది. శత్రువులు మూకలు మూకలుగా బట్టీల మధ్య చచ్చారు. ఊరు నిలిచింది. ఎరుపు దళం దాదాపు గీత పడకుండా తిరిగొచ్చింది. నీలం దళంలో బతికినవాళ్ళని ఆస్పత్రిలో పడుకోబెడితే ఒక్క వార్డు సరిపోయింది. అక్క కొడుకు జీపు వెనకబడ్డవాళ్ళని ఎక్కించుకోవడానికి బట్టీల దగ్గర ఆగింది. అక్కడే కాలింది. ఎర్రదారం కాలర్లతో పోయి ఉంటే ఆ వేళకి క్వారీలో కూర్చుని బీడీ కాల్చుకుంటూ ఉండేవాడు.

తిరిగొచ్చినవాళ్ళు తడిమూటలు తెచ్చి మళ్ళీ మా ముందే పడేశారు. అన్ని రోజులు మూటలోనే ఉండి బట్టలు బూజు పట్టి కంపు కొడుతున్నాయి. కొడుకు స్నేహితుల బట్టలు. అక్క వాటిని బాయిలర్లో వేసి ఉడకబెట్టింది, ఉతికింది, గంజి పెట్టింది. నీలం దారం బట్టలు మాత్రం ఇస్త్రీ అయిపోయి అలమరలో మడతలతో ఉన్నాయి. వాటి కోసం తల్లులు వచ్చారు, ఒకళ్ళ తరవాత ఒకళ్ళు.

చివరికి మేజరు వచ్చాడు. అక్క కూర్చోమనలేదు. నన్ను పొమ్మననూ లేదు.

"నీకు ముందే తెలుసు," అంది.

"తెలుసు."

"మరి సరే అని ఎందుకన్నావు?"

"రెండుసార్లు వద్దన్నానమ్మా."

"మూడోసారి అనడానికి నోరు పడిపోయిందా?"

మేజరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వద్దంటే ఎందుకు వద్దో అడిగేదానివి, అన్నాడు. చెప్పకపోతే లారీకి అడ్డం పడుకుని వీధిని పోగేసేదానివి. చెబితే పెదవి దాటిన మాట సాయంత్రానికి గుట్ట దాటేది. ఆ దళంలో ఉన్నవాళ్ళూ తల్లులు కన్నవాళ్ళే, మనం ఎర అని తెలిస్తే ఎవడు నిలబడతాడు? వాళ్ళు నిలబడకపోతే శత్రువు లోపలికి ఎందుకొస్తాడు? బట్టీల దగ్గర నించి వైర్‌లెస్‌లో సాయానికి పిలిచారు, క్వారీలో ఉన్న నాకు వినిపించింది. శత్రువు వెనక వరస ఇంకా లోపలికి రాలేదు. ఆగాను. ఇదంతా అతను పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"అయితే నా కొడుకుని ఎర వేశావు."

"మిగతా అందరినీ నేనే వేశానమ్మా. ఆ ఒక్కణ్ణీ నువ్వు వేశావు."

అక్క అలమర తీసి అతని చొక్కాలు ఇచ్చింది. నేను చూశాను, గంజి ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. అతను తీసుకుని వెళ్ళాడు. కొన్నాళ్ళకి అతనికి పెద్ద పదవి వచ్చి ఊరు మారిపోయాడని విన్నాం.

మొగుడు పోయాక కోడలు ఆస్పత్రి డ్యూటీ నుంచి ఇంటికి వచ్చిన రోజు నేలమీద పడి ఒకటే మాట. నేనే అడగమన్నాను అత్తయ్యా, నేనే అన్నాను, నేను నోరు మూసుకుని ఉంటే ఆయన తన దళంతో పోయేవాడు, బతికేవాడు. అక్క చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. ఒక్క మాట అంటే చాలు. అది కాదే, నేను, అంటే చాలు. అక్క ఇస్త్రీపెట్టె కింద పెట్టి కోడలి తల నిమిరింది. అంతే. అలా నిమరడం కంటే ఇస్త్రీపెట్టె ఆ పిల్ల వీపు మీద పెట్టి ఉంటే జాలి పడ్డట్టయ్యేది.

మొదట్లో ఊరుకుంది. తరవాత వాడుకుంది. గెలవడానికి చేతికి ఏది దొరికితే అది తీసే మనిషి కదా. ఒకసారి కిటికీ రెక్క గురించి ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. గాలి రాదు, మూయొద్దు అని కోడలు గట్టిగా అంది. అక్క కిటికీ మూసి, నీ మాట విని ఒకడు పోయాడు, నేను కూడా వినాలా, అంది. ఆ పిల్ల మొహం బట్ట పిండినట్టయిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కోడలు గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. డ్యూటీ, ఇల్లు, అత్తకి వేణ్ణీళ్ళు, అత్తకి మందు. అత్త కాళ్ళు వాచితే ఒత్తేది. ఎవరైనా మెచ్చుకుంటే, అప్పు తీర్చుకుంటున్నాను, అనేది. కూతుళ్ళు కూడా చెయ్యరు ఇంత సేవ, అనేవాళ్ళు వీధిలో ఆడవాళ్ళు. అక్క వింటూ గర్వంగా కాళ్ళు చాపుకునేది.

నేనెందుకు చెప్పలేదని నన్ను అడగొద్దు. నా చేత పని చేయించుకున్నది అత్త, నన్ను పిన్నీ అన్నది కోడలు. ఇద్దరి మధ్య గోడ కట్టింది నేను కాదు, కూలగొట్టమని నన్ను పిలిచిందీ లేదు.

జ్వరంతో పడుకుని బతికిపోయిన ఆ జీపు డ్రైవరు తరవాత సైన్యం మానేసి అదే ఆస్పత్రిలో అంబులెన్సు నడిపాడు. నెమ్మదైన మనిషి. నాకు రావాల్సిన చావు ఆయనకి పోయింది అని లోలోపల కుమిలేవాడు. మొదట ఆ కుమిలిపోవడంతోనే కోడలి దగ్గరికి వచ్చాడు, సామాన్లు మోసిపెట్టేవాడు, డ్యూటీ అయ్యాక ఇంటి దాకా దింపేవాడు. తరవాత వేరే కారణంతో వచ్చాడు. ఆ పిల్లకీ అతనంటే ఇష్టమే. అతను వచ్చిన రోజు జుట్టు మళ్ళీ దువ్వుకునేది, గుడ్డిదానికైనా తెలుస్తుంది. అక్కకి తెలిసింది. ఒకరోజు గుమ్మంలో నిలబెట్టి, నా కొడుకు చచ్చి నీకు ప్రాణం మిగిల్చాడు, పెళ్ళాన్ని కూడా మిగిల్చాడనుకున్నావా, అంది. అతను తల వంచుకుని విన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. అతని మీద నాకు గౌరవం కలిగింది ఆ మర్నాడే.

చివరికి అతనికి దూరం ఊరి ఆస్పత్రిలో పని దొరికింది. వచ్చి, లాండ్రీ పెరట్లో, ఆరేసిన దుప్పట్ల మధ్య కోడలితో మాట్లాడాడు. నాతో రా, అన్నాడు. దుప్పట్లకి ఇవతల నేనూ అక్కా బుట్టలు సర్దుతున్నాం. ఇద్దరికీ ప్రతి మాటా వినపడింది.

"నేను రాను. నా నోరే ఒకణ్ణి చంపింది. మళ్ళీ ఒక మగాడితో, ఇది చెయ్యి, అది వద్దు అంటూ కాపురం ఎలా చెయ్యను? ఏ మాట అంటే నీకేమవుతుందోనని చస్తూ బతకాలి. ఇక్కడే ఉంటాను. ఆవిడ కొడుకుని తీసుకున్నాను, ఆవిణ్ణి చూసుకుంటాను."

అతను చాలాసేపు బతిమాలాడు. నువ్వు అనకపోయినా ఎవరో ఒకరు ఆ చోట్లోకి పోయేవాళ్ళే అన్నాడు. ఆ ఎవరో ఒకరు నా మొగుడెందుకు కావాలి, అంది. ఎల్లుండి బస్సు, ఆ లోపు ఆలోచించుకో, అని వెళ్ళిపోయాడు. కోడలు కళ్ళు తుడుచుకుని మా ముందు నించే నడిచి, అత్తయ్యా, మందు వేసుకున్నారా, అని అడిగి డ్యూటీకి పోయింది.

అక్క ఆ రోజంతా పని చెయ్యలేదు. ఆమె పని చెయ్యకపోవడం నేను చూసిన మొదటిసారి అదే. కొడుకు పోయిన రోజు కూడా దుప్పట్లు ఉతికింది. బాయిలరు గదిలో బల్ల మీద కూర్చుని నీలం చేతులు చూసుకుంటూ ఉంది. మధ్యాహ్నం నన్ను పిలిచింది. తలుపు మూయమంది. మూశాను.

నువ్వు చెప్పాలి దానికి, అంది. సాయంత్రం డ్యూటీ దిగి రాగానే, అతని బస్సు పోకముందే. నువ్వు చూసింది చూసినట్టు, మేజరు మొదట అన్నది, తరవాత అన్నది, నేను అన్నది, కిటికీ రోజు నేనన్న మాటతో సహా, ఒక్కటి కూడా మెత్త చెయ్యకుండా. నేను చచ్చాక చెప్పుకుంటావేమో, అలా కాదు, నేను కళ్ళు తెరుచుకుని ఇక్కడ కూర్చుని ఉండగా. అది తిట్టుకోవడానికి మనిషి ఎదురుగా ఉండాలి, గోడకున్న ఫోటోని తిడితే ఏమొస్తుంది.

నేనడిగాను, నీ నోటికేమైంది, నువ్వే చెప్పొచ్చు కదా, అని. కొంచెం కసిగానే అడిగాను.

"నేను చెబితే గెలిచేస్తానే," అంది. "నా సంగతి నీకు తెలీదా? మొదలుపెడతాను, మధ్యలో ఏడుస్తాను, కన్నతల్లిని కదే అంటాను, నా లెక్క తప్పుతుందని నాకేం తెలుసంటాను. చివరికి అదే నా కాళ్ళు ఒత్తుతూ, ఊరుకోండి అత్తయ్యా, మీ తప్పేముంది, అంటుంది. ఇక్కడే ఉండిపోతుంది. నువ్వు చెప్పు. చెప్పాక అది నా మీదికి వస్తుంది. రానీ. ఏమన్నా అననీ. నువ్వు నా పక్కన నిలబడు. నేను ఒక్క మాట అనబోయినా, నీ చెయ్యి అడ్డం పెట్టి నా నోరు మూసెయ్యి. గట్టిగా మూయి. నేను కరిచినా తియ్యకు."